స్టువర్టుపురం: శాసనం, గ్రంథం, చలనచిత్రం

బాపట్లకు, చీరాలకు నడుమ మద్రాసు రైలు మార్గం మీద స్టువర్టుపురం అనే చిన్న స్టేషను కలదు. 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలో ఉండిన ఈ గ్రామం నేడు బాపట్ల జిల్లాలోనిది. దీనికి అటునిటు ఉన్న ఊళ్లన్నీ ఆంధ్రోద్యమ చరిత్రలో గౌరవంతో స్మరింపబడేవే. 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది బాపట్లలో. 1918లో సారస్వత నికేతన గ్రంథాలయం వెలసినది వేటపాలెంలో. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన, మునిసిపాలిటీ పన్నుకు లొంగక 13,000కు పైగా జనం ఇళ్లు విడిచి, ఊరి వెలుపల పాకలు వేసుకొని నెలల తరబడి నివసించినది చీరాల-పేరాలలో. సరిగా ఈ సంవత్సరాలలోనే, 1914 ప్రాంతంలో, ఈ ఊళ్ల నడుమనే ఏర్పడిన స్టువర్టుపురం మాత్రం తెలుగు పాఠకునికి, అంతకు మించి తెలుగు ప్రేక్షకునికి, దొంగల ఊరుగానే పరిచితం. ఈ పరిచయం ఎవరు చేసినది, ఏ గ్రంథాల మీదుగా వచ్చినది, తెర మీదికి ఎట్లు ఎక్కినది అనేది పరిశీలింపదగిన విషయం. వలస పాలన ముగిసిన పిదప కూడ ఆ పాలన రచించిన చిత్రణ ఎంతకాలం నిలువగలదో తెలుసుకొనుటకు ఈ మైదానంలో ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ మరొకటి దొరకదు.

ముందుగా పేరును చూడవలెను. ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లు పాడు, పూడి, పాలెం, వరం, ప్రోలు వంటి పదాలతో ముగుస్తాయి. వాటి ముందు దేవుని పేరో, చెట్టు పేరో, చెరువు పేరో, దానమిచ్చిన ప్రభువు పేరో ఉంటుంది. స్టువర్టుపురం విషయంలో ఆ ప్రభువు సర్ హెరాల్డ్ స్టువర్టు, మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు. ఆంగ్ల నామం పూర్వపదంగా, సంస్కృత శబ్దం ఉత్తరపదంగా ఏర్పడిన ఈ సమాసాన్ని వైయాకరణులు ఏ కోవలో చేర్చినా, అందులో నివసింపవలసిన వారి పేరుకు మాత్రం చోటు లేకపోయినది. ఆ నివాసులు ప్రధానంగా ఎరుకలవారు.

ఎరుకల శబ్ద వ్యుత్పత్తిని గురించి పండితులలో భిన్నాభిప్రాయాలున్నా, తెలుగువారి చెవికి అది ఎఱుకతో, అనగా జ్ఞానంతో, ముడివడిన మాట. బుట్ట చంకన బెట్టుకొని, చేతిలో కోలతో సోదె చెప్పవచ్చే ఎరుకలసాని మన యక్షగానాలలో, జానపద గేయాలలో ఆదరపాత్రమైన పాత్ర. వేంకటాచల మాహాత్మ్య కథలో సాక్షాత్తు శ్రీనివాసుడే ఎరుకలసాని వేషం ధరించి ఆకాశరాజు అంతఃపురానికి వెళ్లి పద్మావతీ వృత్తాంతాన్ని ఎఱుక చెప్పుతాడు. తరిగొండ వెంగమాంబ ఈ మాహాత్మ్యాన్ని తెనిగించినది. స్వామి ధరింపదగిన వేషమని తలచిన సమాజం ఆ జాతిని పుట్టు దొంగలుగా భావించి ఉండినదని చెప్పుట కష్టం. ఎరుకలవారు ఏకలవ్యుని తమ మూలపురుషునిగా చెప్పుకొంటారు. ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, దబ్బ ఎరుకలు అనే శాఖానామాలు వారి వృత్తులను పట్టి ఇచ్చేవే. గాడిదల మీద, ఎద్దుల మీద తీరపు ఉప్పును లోపలి సీమలకు చేర్చి, అక్కడి ధాన్యాన్ని తీరానికి తెచ్చిన సంచార వర్తకులు వారు. వెదురు దబ్బలతో బుట్టలు, తట్టలు అల్లినవారు.

పూర్వ వాఙ్మయంలో చౌర్యానికి చోటు లేకపోలేదు. శూద్రకుని మృచ్ఛకటికంలో గోడకు కన్నం వేసే శర్విలకుడు చతుర్వేద పండితుని కుమారుడు. కొలత తాడు మరచి వచ్చి యజ్ఞోపవీతాన్నే కొలతాడుగా వాడుకొన్నవాడు. దండి దశకుమార చరితంలో అపహారవర్మ రాజకుమారుడే. చంపానగర లోభుల ధనాన్ని దొంగిలించుటను శాస్త్రంగా అభ్యసించినవాడు. ఆ కావ్యాన్ని తెలుగు చేసిన కేతన దానిని తిక్కనకు అంకితమిచ్చినాడు. ఈ గుంటూరు సీమకే చెందిన తెనాలి పేరు ఇంటిపేరుగా గల రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యంలో నిగమశర్మ అక్క ముక్కరను అపహరించినవాడు, శ్రోత్రియ కుటుంబీకుడు. వీరిలో ఎవరి చౌర్యమూ వారి పుట్టుకకు అంటగట్టబడలేదు. వ్యసనం, దారిద్ర్యం, ప్రేమ, సాహసం మొదలైనవి కారణాలు. పూర్వ సమాజం నిర్దోషి అని దీని అర్థం కాదు. అస్పృశ్యతను శాస్త్రీకరించిన సమాజమే అది. సంచార జాతులను ఊరి పొలిమేరకు వెలుపల ఉంచినది కూడ అదే. అయితే ఒక శిశువు పుట్టిన క్షణంలోనే, దాని పేరు ఇంకా పెట్టకముందే, చోరునిగా పట్టీలో చేర్చే ఆలోచన దానికి తట్టలేదు. అందుకు 1871వ సంవత్సరం రావలసి వచ్చినది.

ఆ యేట చేసిన నేరస్థ జాతుల చట్టం మొదట ఉత్తర హిందూస్థానానికి పరిమితం. 1911లో సవరించిన చట్టం మద్రాసు రాజధానికి కూడ వర్తించినది. ఈ నడుమ నలుబది ఏండ్లలో దక్షిణాదిని ఆ చట్టానికి సిద్ధం చేసినవి గ్రంథాలే. పోలీసు అధికారి ముల్లాలీ 1892లో మద్రాసు రాజధాని నేరస్థ వర్గాలపై ఒక పుస్తకం వెలువరించినాడు. రైల్వే పోలీసులో పనిచేసిన పాపారావు నాయుడు 1905లో కొరవలు, ఎరుకలు, కైకాడీల చరిత్ర అనే శీర్షికతో ఆంగ్లంలో మరొకటి వ్రాసినాడు. 1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ ఏడు సంపుటాలలో ప్రకటించిన దక్షిణ భారత కులాలు-తెగలు అనే బృహద్గ్రంథం కొరవల వ్యాసంలో ఈ పోలీసు రచనలనే విస్తారంగా ఉపయోగించుకొన్నది. పోలీసు వ్రాసిన దానిని మ్యూజియం శాస్త్రంగా అంగీకరించినది. శాస్త్రమన్న పేరుతో దానిని మరల ప్రభుత్వం చట్టానికి ఆధారం చేసికొన్నది. పరిశోధకులు నేటికీ థర్స్టన్‌ను నిస్సందేహంగా ఉదాహరిస్తూ ఉండుట చూడగా, ఒక ప్రమాణం మరొక ప్రమాణాన్ని ఎట్లు పుట్టించునో పరిశీలించే శ్రమ మన విశ్వవిద్యాలయాలలో కూడ తక్కువేనని చెప్పక తప్పదు. పాపారావు నాయుడు తెలుగు నామధేయుడే అన్న సంగతి కూడ మరువరాదు. వలస పాలకుల చిత్రణ అంతా తెల్లవారి చేతితోనే వ్రాయబడినదనుకొనుట ఒక సౌకర్యవంతమైన భ్రమ.

ఉప్పు వర్తకులు నేరస్థులుగా మారుటకు ఆర్థిక కారణాలను చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన గ్రంథంలో వివరించినారు. ఉప్పు తయారీ మీద, అమ్మకం మీద ప్రభుత్వ నియంత్రణ బిగిసినది. రైలు మార్గాలు సరుకు రవాణాను తమ వశం చేసికొన్నవి. అడవి చట్టాలు వెదురును, పశువుల మేతను దూరం చేసినవి. కరువులు వచ్చినప్పుడు మార్పిడికి ధాన్యమే లేకపోయినది. నిలకడ లేని వాడు పన్ను చెల్లించడు, పట్టీలో దొరకడు, కనుక అనుమానితుడు. చిన్నగంజాం ఉప్పు కొఠారుల దారిన పూర్వం ఎద్దులను తోలుకొని పోయినవారి సంతతి ఆ దారి ప్రక్కనే, తమ వర్తకాన్ని మింగిన రైలు మార్గం మీదనే, ఒక స్టేషనుగా గుర్తింపు పొందుట ఈ కథలో ఎవరూ కల్పింపనక్కరలేని వైచిత్రి.

స్టువర్టుపురం నిర్వహణను ప్రభుత్వం రక్షణ సైన్యం అనే క్రైస్తవ సంస్థకు అప్పగించినది. కృష్ణ ఒడ్డున సీతానగరంలోను ఇట్టి సెటిల్మెంటే వెలసినది. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికను బాప్టిస్టు మిషను మరొక దానిని నడిపినది. హిందూదేశంలో రక్షణ సైన్యానికి నాయకుడైన బూత్ టక్కరు పూర్వాశ్రమంలో సివిల్ సర్వీసు ఉద్యోగి. ఆయన వ్రాసిన గ్రంథం పేరును నేరచికిత్సాశాస్త్రం అని తెలుగు చేయవచ్చును. నేరం ఒక వ్యాధి, జాతి రోగి, సెటిల్మెంటు ఆసుపత్రి అనే రూపకం ఆ పేరులోనే ఉన్నది. ఈ ఆసుపత్రిలో రోగులు హాజరీ వేయించుకొనవలెను, అనుమతి చీటీ లేక ఎల్ల దాటరాదు, దాటినచో శిక్ష. చదువు, వైద్యం లభించినమాట నిజమే. దానిని తక్కువ చేయరాదు. అయితే చీరాలలో పొగాకు కంపెనీ కర్మాగారానికి కదలని, మానని కూలీల సరఫరా ఇక్కడినుండి జరిగినదని మీనా రాధాకృష్ణ చూపినారు. చికిత్సకు, కూలికి నడుమ గీత ఎక్కడ ఉన్నదో చెప్పుట సులభం కాదు.

ఇదే కాలంలో, ఇదే జిల్లాలో, దీనికి పూర్తిగా ఎదురు దిశనుండి ఒక గ్రంథం వచ్చినది. సత్తెనపల్లి ప్రాంతపు వేములూరుపాడులో 1877లో జన్మించిన బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ పలనాటి పుల్లరి ఉద్యమ సందర్భంలో శిక్షితుడై రాయవెల్లూరు జైలులో మాలపల్లి నవలను రచించినాడు. 1922లో అచ్చయిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించినది. 1930లలో మరల నిషేధానికి గురియై, 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గ కాలంలో విముక్తి పొందినది. మాలపల్లిని గురించిన విమర్శ అంతా సంఘసంస్కరణ, గాంధేయం, రష్యా విప్లవ ప్రభావం అనే మూడు మాటల చుట్టూ తిరుగుతూ వచ్చినది. అందులోని సెటిల్మెంటు భాగానికి రావలసినంత ప్రాధాన్యం రాలేదు. భక్తుడు, సాత్వికుడు అయిన రామదాసు కుటుంబం నేరస్థుల సెటిల్మెంటులో మ్రగ్గవలసి రావడం ఆ నవలలోని అతి తీవ్రమైన ఘట్టాలలో ఒకటి. నేరం ఎరుగని వాడు నేరస్థుల పట్టీలో ఎట్లు చేరునో, సంస్కరణ అనే మాట చాటున ఎట్టి బలవంతం సాగునో ఉన్నవ చూపినాడు. రామదాసు కుమారుడు వెంకటదాసు భూస్వాముల ధనాన్ని కొల్లగొట్టి పేదలకు పంచే తక్కెళ్ళ జగ్గడుగా మారుట కూడ ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. దొంగ పుట్టడు, తయారు చేయబడతాడు అనే వాదాన్ని తెలుగు నవల 1922 నాటికే కథగా చెప్పినది. ప్రభుత్వానికి ఆ గ్రంథం ఎందుకు కంటగింపైనదో దీనిని బట్టి కొంత ఊహింపవచ్చును. (పేరు పోలికను బట్టి, 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన మాలపిల్ల చిత్రానికి ఈ నవలే మూలమని కొందరు వ్రాస్తూ ఉంటారు. ఆ చిత్ర కథ గుడిపాటి వెంకటచలానిది.)

1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం దేశమంతటా రద్దయినది. ఆ జాతులు విముక్త జాతులైనవి. చట్టం పోయినది గాని దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు నిలిచినవి. ఠాణాలలో పాత పట్టీల అలవాటు నిలిచినది. అన్నిటికంటె ముఖ్యంగా ఊరి పేరు నిలిచినది. పుస్తకం చేసిన పనిని ఇక్కడినుండి చలనచిత్రం అందుకొన్నది.

తెలుగు చలనచిత్రానికి వలస పాలకుని గుర్తించుట తెలియదని అనలేము. 1974లో విడుదలైన అల్లూరి సీతారామరాజు చిత్రమే ఇందుకు నిదర్శనం. అందులో సీతారామరాజు పాత్రధారి కృష్ణ తెనాలి సమీపపు బుర్రిపాలెం వాడు; రూథర్‌ఫర్డు పాత్రను హుందాగా పోషించిన కొంగర జగ్గయ్య తెనాలి ప్రాంతపు మోరంపూడి వాడు. ప్రేక్షకులకు రూథర్‌ఫర్డు అనగానే మన్యపు కొండలు, తుపాకులు గుర్తుకు వస్తాయి. అయితే 1924లో మన్యానికి ప్రత్యేకాధికారిగా వెళ్లుటకు ముందు ఆ రూథర్‌ఫర్డు గుంటూరు కలెక్టరు. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు నిరాకరించినప్పుడు ఆ ఉద్యమాన్ని అణచ బూనుకొన్నది ఆయన హయాములోనే. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలియైనది కూడ ఆ రోజులలోనే. తెనాలి నటులిద్దరు మన్యపు కథను ఆడి ప్రఖ్యాతులైనారు; సొంత జిల్లాలో అదే అధికారి నడిపిన కథకు అట్టి తెర భాగ్యం కలుగలేదు. కారణం ఊహింపవచ్చును. శిస్తు నోటీసు, జప్తు పట్టీ, కరణం రాజీనామా, హాజరీ పుస్తకం – ఇవి తెర మీద పోరాటంగా కనిపింపవు. అడవి, విల్లు, గుర్రం కనిపిస్తాయి. 2022 నాటి ఆర్.ఆర్.ఆర్. చిత్రం వరకు ఈ అభిరుచిలో గణనీయమైన మార్పు లేదు. మైదానంలో వలస పాలన కాగితం మీద నడిచినది. కాగితాన్ని చిత్రీకరించుట కష్టం.

స్టువర్టుపురం ఆ కాగితపు పాలనకు పుట్టిన ఊరు. 1991లో ఒకే సంవత్సరంలో రెండు చిత్రాలు దాని పేరుతో వచ్చినవి. ఒకటి ప్రసిద్ధ నవలాకారుడు యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వంలో చిరంజీవి నటించిన స్టువర్టుపురం పోలీస్ స్టేషన్. రెండవది సాగర్ దర్శకత్వంలో భానుచందర్ నటించిన స్టువర్టుపురం దొంగలు. రెండు శీర్షికలను ప్రక్క ప్రక్కన పెట్టి చదివినచో చాలును. ఊరి పేరు తరువాత రాగల మాటలు రెండే: ఒకటి ఠాణా, రెండవది దొంగ. బడి అని గాని, పొలం అని గాని శీర్షిక కట్టుట ఎవరికీ తోచలేదు. కథలలో సానుభూతి లేదని కాదు. శీర్షిక మాత్రం గోడపత్రిక రూపంలో ఊరూర అంటింపబడినది, చిత్రం చూడని వారు కూడ చదివినారు. 2023 అక్టోబరులో రవితేజ కథానాయకుడుగా వంశీ దర్శకత్వంలో టైగర్ నాగేశ్వరరావు విడుదలైనది. 1970ల నాటి ఒక ప్రసిద్ధ దొంగ జీవితం దానికి ఆధారం. అల్లూరి చిత్రంలో తెల్లదొర ప్రత్యక్షంగా కనిపించినాడు, కాబట్టి ప్రేక్షకుడు ఆయనను ద్వేషింపగలిగినాడు. స్టువర్టుపురం పేరు గల శీర్షికలలో స్టువర్టు దొర ఉన్నాడు గాని ఆయనను ఎవరూ గుర్తింపరు. ఆయన గీసిన గీత మాత్రం భూమి స్వభావమన్నట్లుగా, ఆ మట్టిలోనే దొంగతనం మొలుచునన్నట్లుగా స్థిరపడిపోయినది.

ఇది తెలుగు తెరకే పరిమితమైన దోషం కాదు. స్లీమన్ నడిపిన థగ్గుల నిర్మూలన శాఖ కాగితాలనుండి, నిజాం కొలువులో ఉండిన మెడోస్ టేలరు 1839లో ఒక థగ్గు ఒప్పుకోలు రూపంలో నవల వ్రాసి ఇంగ్లండు పాఠకులను భయపెట్టినాడు. ఆ భయం 1984లో ఇండియానా జోన్స్ చిత్రంగా హాలీవుడ్డుకు చేరినది. కథను ఆక్షేపించిన భారత ప్రభుత్వం షరతులు పెట్టగా చిత్రీకరణ సింహళంలో జరిగినది. అక్కడ ప్రభుత్వం ఆక్షేపించినది విదేశీయుని కాబట్టి. స్వదేశీయుడు తన పొరుగు ఊరిని అట్లే చూపినప్పుడు ఆక్షేపించవలసిన భారం ఆ ఊరివారి మీదనే పడుతుంది.

ఈ మైదానానికి తెర మీద ఉన్న మరొక గుర్తు మిరప. 2024 జనవరిలో వచ్చిన గుంటూరు కారం వరకు జిల్లా పేరు పలికితే కారం ఘాటే తగులుతుంది. ఆ మిరప పోర్చుగీసు నావల మీద అమెరికా ఖండంనుండి వచ్చిన పరదేశి. మన మిరియం పేరును సవరించుకొని తెలుగుదైనది. ఇక్కడి నల్లరేగడిలో పండిన పత్తి ఎగుమతి రేవు పేరుతో కోకనాడ పత్తిగా విదేశీ విపణిలో చలామణి అయినది. సరుకులకు పరుల పేర్లు వచ్చినా నష్టం లేదు. మనుషులకు వచ్చిన పేరు అట్లు కాదు. ఉద్యోగానికి దరఖాస్తులో, పెండ్లి మాటలలో, ఠాణా గుమ్మంలో దానికి వెల చెల్లింపవలసి ఉంటుంది. 2023లో టైగర్ నాగేశ్వరరావు ప్రచార చిత్రం వెలువడినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానంలో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యం చెప్పినది ఈ బాధనే. ఎరుకల జాతిని, స్టువర్టుపురం వాసులను ఆ చిత్రం కించపరుస్తున్నదని అందులోని ఆరోపణ. 1911లో పట్టీలో పేరు చేరినప్పుడు వారికి న్యాయస్థానాన్ని ఆశ్రయించే వీలు లేదు. చట్టమే దానిని నిషేధించినది. నూరేండ్ల తరువాత చిత్రాన్ని నిరోధింపలేకపోయినా ప్రశ్నింపగలిగినారు. ఈ భేదం స్వల్పమైనది కాదు.

ఈ గ్రామంతో మరొక విధంగా సంబంధం పెట్టుకొన్నవారు లేకపోలేదు. వినుకొండ కవి గుఱ్ఱం జాషువా కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం 1970ల నుండి స్టువర్టుపురంలో పునరావాస కృషి చేసినారు. దొంగను పట్టుకొనుటకో చిత్రించుటకో గాక మాట్లాడుటకు ఆ ఊరికి వెళ్లినవారుగా వారికి ప్రత్యేక స్థానం ఉన్నది. సాహిత్యంలో పలమనేరు బాలాజీ ఏకలవ్య కాలనీ కథలు చిత్తూరు సీమ ఎరుకల జీవితాన్ని లోపలినుండి చూపినవి. వాటిలో పందులు, బుట్టలు, బడి, భాష, అవమానం, హాస్యం అన్నీ ఉన్నవి. మహారాష్ట్రంలో లక్ష్మణ్ మానే 1980లో వ్రాసిన ఉపరా అనే ఆత్మకథకు సాహిత్య అకాడెమీ పురస్కారం లభించినది. ఆయన కైకాడీ. గాడిద మీద బుట్టలు వేసికొని ఊరూర తిరిగిన కుటుంబంలో పుట్టినవాడు. 1905 నాటి పాపారావు నాయుడు గ్రంథ శీర్షికలో ఎరుకల ప్రక్కన ఉన్న కైకాడీ శబ్దం ఇదే.